తిరుపతి: 'సూపర్ అన్నా' తప్ప ఇంకో మాట వినబడడం లేదు. ఫోటోల మీద ఉన్నదున్నట్టు చెప్పేవాళ్లను ఎట్లా పట్టుకోవాలి?

అలిపిరి కుర్రోడు · ఆదివారం, ఉదయం 7:12

అందరికీ నమస్కారం. ఫోటోగ్రఫీనే బతుకుదెరువుగా చేసుకోవాలని ఉంది. ఏ ఫోటో పెట్టినా ఇంట్లోవాళ్లు, స్నేహితులు 'కేక', 'సూపర్' అంటారు. వాటిని పట్టుకుని ఏది సరిదిద్దుకోవాలో తెలియడం లేదు. తిరుపతి, చిత్తూరు పక్కల మొహమాటం లేకుండా చెప్పేవాళ్లు ఎక్కడ దొరుకుతారు? వాళ్లను ఏమని అడగాలి?

మూడు ఫోటోలు జత చేస్తున్నాను. కెమెరా 24 మెగాపిక్సెళ్ల క్రాప్ సెన్సర్ (ఫుల్ ఫ్రేమ్ కంటే చిన్నది). లెన్సులు 18-55, 50 ఎంఎం ఎఫ్ 1.8, 55-250.

మొదటిది తలకోన జలపాతం: 18 ఎంఎం, ఎఫ్ 22 (లెన్సు రంధ్రం, అంకె పెరిగితే చిన్నదవుతుంది), షట్టర్ అర సెకను, ఐఎస్ఓ (సెన్సర్ సున్నితత్వం) 100, ట్రైపాడ్ మీద, ఉదయం 11 గంటలకు.
రెండోది తిరుపతి గంగమ్మ జాతరలో మొక్కుగా బండ వేషం వేసిన కుర్రాడి ముఖం: 50 ఎంఎం, ఎఫ్ 1.8, 1/1250, ఐఎస్ఓ 100, మీటరు దూరం నుంచి, నీడలో.
మూడోది పులికాట్ సరస్సులో ఫ్లెమింగోలు: 250 ఎంఎం, ఎఫ్ 5.6, 1/800, ఐఎస్ఓ 100, ఉదయం 10:30. బాగా క్రాప్ చేశాను. దాని వెంటే తీసిన ఇంకో ఫ్రేము కూడా పెట్టాను.

బాగున్నాయా లేదా చెప్పండి.

చంద్రగిరి నలుపుతెలుపు · ఆదివారం, ఉదయం 8:05

ఫోటోల సంగతి తర్వాత, ముందు మీ ప్రశ్న చూద్దాం. 'బాగున్నాయా' అని అడిగితే మన మీద అభిమానం ఉన్నవాళ్లు 'బాగున్నాయి' అనే అంటారు. అభిమానం లేనివాళ్లు జవాబే ఇవ్వరు. అందుకని 'బాగుంది' అన్న మాట జవాబుగా సరిపోని ప్రశ్న వేయాలి.

ఫోటో ఎదుట పెట్టి, ఊరి పేరు, సందర్భం, పడ్డ కష్టం ఏమీ చెప్పకుండా ఇవి అడగండి. మీ కన్ను మొదట ఎక్కడ పడింది? అక్కడి నుంచి ఎటు పోయింది? ఈ ఫోటో దేని గురించి అనుకుంటున్నారు? ఇందులో ఒక్కటి తీసేయమంటే ఏది తీసేస్తారు? ఈ నాలుగింటికీ మొహమాటపడి జవాబు చెప్పడం కష్టం. ఎందుకంటే ఇవి తీర్పు అడగడం లేదు, చూసింది చెప్పమంటున్నాయి. ఫోటో మీద మంచీచెడూ తేల్చేంత జ్ఞానం లేదనుకునే మనిషి కూడా కన్ను ఎక్కడ పడిందో చెప్పగలడు.

మీ రెండో ఫోటోకు నా జవాబు: కన్ను మొదట పడింది వెనక ఎడమ మూలలో ఉన్న ఫ్లెక్సీ మీద. తెల్లటి నేల, నీలం అక్షరాలు. ఫ్రేములో అంతకంటే వెలుతురున్న భాగం లేదు. ముఖం దగ్గరికి నేను రెండో అడుగులో వచ్చాను. వేషం గురించిన ఫోటో అనుకుంటున్నాను, కానీ తల పైన పూలదండ సగానికి తెగింది, కింద మెడ దగ్గరే ఫ్రేము ఆగింది. కాబట్టి వేషమో ముఖమో తేల్చుకోలేకపోయాను. తీసేయమంటే ఫ్లెక్సీ తీసేస్తాను.

దీనికి వెంటనే సమాధానం రాయకండి. 'అక్కడ జనం ఎక్కువ సార్' అని వివరణ మొదలైతే చెప్పేవాళ్లు తగ్గుతారు, మాట మెత్తబడుతుంది. విన్నది రాసుకోండి. అర్థం కాకపోతే 'ఎక్కడ?' అని మాత్రం అడగండి.

స్టూడియో మేస్త్రి · ఆదివారం, ఉదయం 8:40

నాయనా, నేను చేతిపని సంగతి చెప్తా. రెండో ఫోటోను వంద శాతానికి పెంచి చూసినా. ముక్కు కొన, దాని మీద చెమట బొట్టు సూదిలాగ ఉండాయి. దగ్గరి కన్ను కొంచెం మెత్తన. అవతలి కన్ను పూర్తిగా పోయింది.

దీనికి లెన్సును అనొద్దు. క్రాప్ సెన్సర్ మీద 50 ఎంఎం, ఎఫ్ 1.8, మీటరు దూరం అంటే ఫోకస్‌లో నిలిచేది మొత్తం రెండున్నర, మూడు సెంటీమీటర్లు. ముక్కు కొనకూ కంటికీ మధ్యే అంత దూరం ఉంటాది. ముఖం పక్కకు తిరిగిందంటే రెండు కళ్లూ ఆ లోతులో పట్టవు. మళ్లీ తీసేటప్పుడు అర మీటరు వెనక్కి జరిగి ఎఫ్ 4 పెట్టు, పదమూడు సెంటీమీటర్ల దాకా వస్తాది. అదే నీడలో షట్టర్ 1/250కి దిగుతాది. వేషగాళ్లు ఒకచోట నిలబడరు కాబట్టి ఐఎస్ఓ 200 చేసి 1/500 తెచ్చుకో. ఫోకస్ పాయింటును కెమెరాకు వదిలేస్తే అది ముందుకొచ్చిన దాన్ని, అంటే ముక్కునే పట్టుకుంటాది. ఒక్క పాయింటు పెట్టి దగ్గరి కంటి మీద ఉంచు. కంటిని పట్టే ఆటోఫోకస్ ఉంటే వాడు, కానీ ముఖమంతా రంగు పూసుంటే అది ఒక్కోసారి తడబడతాది.

వెనక బాగా మసకబారాలని ఎఫ్ 1.8 పెట్టినావు. మసక కావాలంటే మనిషిని వెనకుండే గోడకు దూరంగా నిలబెట్టు. మనిషి వెనక నాలుగు మీటర్ల ఖాళీ ఉంటే ఎఫ్ 4లో కూడా గోడ కరిగిపోతాది.

మామిడితోట మాక్రో (చిత్తూరు) · ఆదివారం, ఉదయం 9:31

అదే ఫోటోలో ఇంకొక సంగతి ఎవరూ అనలేదు. ఎరుపు కాలిపోయింది.

బండ వేషానికి ఒళ్లంతా కుంకుమ పూస్తారు. హిస్టోగ్రామ్‌లో (ఫోటోలో వెలుతురు ఎంత ఎక్కడుందో చూపే గ్రాఫ్) తెల్లటి గ్రాఫ్ ఒక్కటే చూస్తే అంతా సరిగానే ఉంటుంది. మూడు రంగుల గ్రాఫ్ తెరిస్తే ఎరుపు ఒక్కటే కుడి గోడకు అతుక్కుని కనిపిస్తుంది. ఫలితం బుగ్గ మీద చూడండి. కుంకుమ పొడి రేణువులు, చెమట కారిన గీతలు ఉండాల్సిన చోట గీత లేకుండా ఒకటే ఎరుపు. కెమెరాలో పిక్చర్ స్టైల్ 'వివిడ్' ఉన్నట్టుంది, దాన్ని 'స్టాండర్డ్' లేదా 'న్యూట్రల్'కు మార్చండి. రా ఫైల్ (కెమెరా మార్పులు చేయకుండా దాచే ఫైల్) ఉంటే ఎక్స్‌పోజర్ మూడింట రెండు స్టాపులు (ఒక స్టాపు అంటే వెలుతురు రెట్టింపు లేదా సగం) తగ్గించి, ఎరుపు సాచురేషన్ ఒక్కటే పది, పదిహేను దించండి. గీతలు చాలావరకు తిరిగొస్తాయి. జేపెగ్ మాత్రమే ఉంటే పోయింది పోయినట్టే.

జాతర తీసేవాళ్లందరికీ పనికొస్తుంది కాబట్టి మిగతా వేషాలూ చెబుతాను. కెమెరా మీటరు దేన్ని చూసినా మధ్యస్థ బూడిద రంగు చేయాలనే చూస్తుంది. బైరాగి వేషం తెల్లటి నామకొమ్ముతో ఉంటుంది, మీటరును నమ్మితే తెలుపు మురికిగా వస్తుంది, కాబట్టి ఎక్స్‌పోజర్‌ను ప్లస్ మూడింట రెండు నుంచి ప్లస్ 1 వరకు పెంచాలి. తోటి వేషంలో ఒళ్లంతా బొగ్గుపొడి. దాన్ని కెమెరా బూడిద చేసేస్తుంది, మైనస్ 1 పెట్టాలి. దొర వేషం గంధం రంగు, మీటరుకు దగ్గరగానే ఉంటుంది, కానీ వైట్ బ్యాలెన్స్ ఆటోలో వదిలితే గంధం పసుపు తేలిపోతుంది. నీడలో ఉంటే 'షేడ్' పెట్టండి.

ఫైళ్లు పంపే తీరు కూడా. వాట్సాప్‌లో మామూలు ఫోటోగా పంపితే అది కుదించేస్తుంది, సెట్టింగుల వివరాలూ ఊడిపోతాయి. డాక్యుమెంట్‌గా పంపండి. ఎస్‌ఆర్‌జీబీ (మామూలు తెరలు చూపే రంగుల పద్ధతి) రంగులో, పొడవు వైపు 2048 పిక్సెళ్లు, క్వాలిటీ 80-85 చాలు. అడోబీ ఆర్‌జీబీలో పంపితే కొన్ని తెరల మీద రంగులు వెలిసినట్టు కనిపిస్తాయి. 'డల్‌గా ఉంది' అన్న మాట వస్తుంది, మీరేమో లేని తప్పు కోసం వెతుక్కుంటారు. చూసేవాళ్ల ఫోనులో రాత్రిపూట పసుపు తెర పెట్టే ఐ కంఫర్ట్ ఆపమని కూడా ఒక మాట చెప్పండి.

అలిపిరి కుర్రోడు · ఆదివారం, ఉదయం 10:15

చాలా థ్యాంక్స్ అన్నా, మేస్త్రి గారూ. రా ఫైల్ ఉంది. ఫ్లెక్సీ గురించి వివరణ ఇవ్వడం లేదు, పద్ధతి అడుగుతున్నాను. జాతర రోజుల్లో గంగమ్మ గుడి ఉన్న తాతయ్యగుంట దారంతా ఫ్లెక్సీలు, కరెంటు తీగలు, సీరియల్ లైట్లే. వాటి మధ్య శుభ్రమైన వెనకభాగం ఎట్లా దొరుకుతుంది?

ప్రెస్ బ్యాగ్ · ఆదివారం, ఉదయం 11:02

వేషం వెనక పరిగెత్తకండి. ముందు వెనకభాగం వెతకండి. దారిలో నీడ పడే గోడ, మూసిన షట్టరు, చీకటిగా ఉన్న గుమ్మం, ఇట్లాంటి చోట ఒకటి చూసుకుని ఎదురుగా నిలబడితే వేషాలు వాటంతట అవే ఆ ముందు నుంచి పోతాయి. గుమ్మం లోపలి చీకటి అయితే ఇంకా మేలు, కుంకుమ ఎరుపు దాని మీద కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

ఆ వీలు లేదంటే ఎత్తు మార్చండి. కెమెరాను తల పైకెత్తి కిందికి వంచితే వెనక రోడ్డు మాత్రమే వస్తుంది, తీగలూ ఫ్లెక్సీలూ పోతాయి. మోకాలి మీద కూర్చుంటే ఆకాశం వస్తుంది కానీ తీగలు కూడా వస్తాయి. చాలాసార్లు అర అడుగు పక్కకు జరిగితే సరిపోతుంది, ముఖమే ఫ్లెక్సీని కప్పేస్తుంది. షట్టర్ నొక్కే ముందు ఫ్రేము నాలుగు అంచులూ ఒకసారి కంటితో చుట్టి రావడం అలవాటు చేసుకోండి.

చూసేవాళ్లకు ఆ ఒక్క ఫోటో ఇచ్చి ఊరుకోవద్దు. దానికి ముందు పది ఫ్రేములు, తర్వాత పది ఫ్రేములు చిన్న బొమ్మలుగా ఒకే షీటులో పెట్టి చూపించండి. అనుభవం ఉన్నవాళ్లు అసలు తప్పు అక్కడ పట్టుకుంటారు. పది ఫ్రేములూ ఒకే ఎత్తు నుంచి తీశారా, మనిషి కళ్లెత్తిన క్షణానికి ముందే కెమెరా దించేశారా, అంతకంటే మంచి ఫ్రేము ఉండగా షార్ప్‌గా ఉందని ఇది ఎంచుకున్నారా, అన్నీ తెలుస్తాయి. తీయడంలో పొరపాటు వేరు, ఎంచుకోవడంలో పొరపాటు వేరు. ఒక్క ఫోటో చూసి ఈ రెండూ విడదీయలేము.

ఇంకొకటి. వేషంలో ఉన్నది చిన్నపిల్లాడైతే పక్కనున్న పెద్దవాళ్లను అడిగి తీయండి, బయట పెట్టేముందు కూడా అడగండి. ఇది మొక్కుబడి, ప్రదర్శన కాదు.

కలంకారి కన్ను · ఆదివారం, మధ్యాహ్నం 2:20

తలకోన ఫోటో ఎవరూ ముట్టుకోలేదు కాబట్టి నేను తీసుకుంటున్నాను. కన్ను మొదట నీటి పైభాగం మీద పడింది, అక్కడే ఆగిపోయింది. ఎండ పడిన ఆ భాగం కాగితం తెలుపు, లోపల ధార లేదు. కింద రాళ్లు నల్లగా ఉన్నాయి, వాటి మీద ఆకాశం మెరుపు. నీళ్లు పై అంచు నుంచి కింది అంచు దాకా ఫ్రేము మధ్యలో నిలువుగా ఉండడంతో రెండు పక్కలా అడవి రెండు ముక్కలుగా విడిపోయింది. అది 270 అడుగుల జలపాతం, కానీ పక్కన కొలిచి చూసుకునేందుకు ఏమీ లేక ముప్పై అడుగులదో మూడొందల అడుగులదో తెలియడం లేదు. కింద రాతి మీద మనిషి ఒకరు, లేదా ముందుభాగంలో చెట్టుకు చుట్టుకున్న గిల్లతీగ ఉంటే ఎత్తు తెలిసేది.

శ్రీకాళహస్తిలో కలంకారి వేసేవాళ్లు ముందు వెదురు కలంతో కసింకారం నల్లగీత గీస్తారు, ఆ గీతే బొమ్మను వెనకనుంచి విడదీస్తుంది. ఫోటోలో ఆ పని వెలుతురు చేయాలి. నల్లటి రాయి నల్లటి చెట్టు మీద పడితే రెండూ కలిసిపోతాయి. మీ ఫోటో కుడివైపు సరిగ్గా అదే జరిగింది. బొమ్మలు వేసేవాళ్లకు మీ ఫోటోలు చూపించండి. కెమెరా భాష తెలియకపోయినా ఏ ఆకారం దేనిలో కలిసిపోయిందో, ఎక్కడ ఖాళీ ఎక్కువైందో చటుక్కున చెబుతారు.

మామిడితోట మాక్రో (చిత్తూరు) · ఆదివారం, మధ్యాహ్నం 3:05

అక్క చెప్పినదానికి లెక్క జోడిస్తాను. చెట్ల నీడలో ఉన్న రాళ్లకూ, ఎండ పడిన తెల్లటి నీటికీ మధ్య నాలుగైదు స్టాపుల తేడా ఉంటుంది. నీడకు సరిపోయే అర సెకను ఇస్తే ఎండలో ఉన్న నీరు కాలక తప్పదు. దీన్ని ఎడిటింగ్‌లో తేలేము. నీటి మీద ఎండ పడని వేళ, లేదా మబ్బు రోజు వెళ్లడం ఒక్కటే మందు.

ఎఫ్ 22 ఎందుకు పెట్టారో అర్థమవుతూనే ఉంది, షట్టర్ నెమ్మది కావాలని. కానీ క్రాప్ సెన్సర్ మీద ఎఫ్ 11 దాటితే డిఫ్రాక్షన్ (చిన్న రంధ్రం దగ్గర వెలుతురు వంగి చెదరడం) వల్ల మొత్తం బొమ్మ మెత్తబడుతుంది, ఆకుల అంచులు చూడండి. ఎఫ్ 11 పెట్టి పోలరైజర్ (మెరుపు తగ్గించే ఫిల్టర్) బిగించండి. ఎఫ్ 22 నుంచి ఎఫ్ 11 అంటే రెండు స్టాపుల వెలుతురు పెరుగుతుంది, పోలరైజర్ ఒకటిన్నర నుంచి రెండు స్టాపులు మింగుతుంది. షట్టర్ మళ్లీ అర సెకను దగ్గరే నిలుస్తుంది. తడి రాళ్ల మీద మెరుపు కూడా తగ్గుతుంది. పోలరైజర్‌ను తిప్పుతూ చూడాలి, బిగించి వదిలేస్తే పని చేయదు. నీటిలో పోగులు కనిపించాలంటే పావు సెకను నుంచి అర సెకను మధ్యలో నాలుగైదు ఫ్రేములు తీసి పోల్చుకోండి. రెండు సెకన్లు దాటితే ధార పోయి పొగ మిగులుతుంది.

గూడబాతు · ఆదివారం, సాయంత్రం 5:48

పులికాట్ ఫోటో. నిక్కచ్చిగా చెబుతాను: ఇది పక్షి ఫోటో కాదు, అట్లా కనిపించాలని క్రాప్ చేసి లాగారు. 6000 పిక్సెళ్ల ఫ్రేము నుంచి 1500కు క్రాప్ చేసినట్టుంది. 200 డీపీఐలో (అంగుళానికి 200 చుక్కలు) ప్రింటు వేస్తే ఏడున్నర అంగుళాలు. 12×18 ప్రింటుకు కనీసం 3600×2400 కావాలి.

క్రాప్ కంటే పెద్ద సమస్య వేడి. ఉదయం పదిన్నరకు బురద, లోతులేని నీరు వేడెక్కి గాలి కదలాడుతుంది. కాళ్లు వంకర్లు పోయినట్టు, మెడ అంచు రెండుగా కనిపిస్తున్నాయి చూడండి. 600 ఎంఎం లెన్సు పెట్టినా ఆ వణుకు అట్లాగే పెద్దదై వస్తుంది. షార్ప్‌నింగ్ పెంచితే ఇంకా పాడవుతుంది. ఎనిమిది లోపల ముగించాలి. సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట పోయే రోడ్డు సరస్సును చీల్చుకుని పోతుంది. చలికాలంలో సూర్యుడు దక్షిణం వైపు వాలి తిరుగుతాడు కాబట్టి రోడ్డుకు ఉత్తరం వైపున్న పక్షుల మీద వెలుతురు నేరుగా పడుతుంది. దక్షిణం వైపు చూస్తే ఎదురెండ, నీడబొమ్మలు వస్తాయి, అవి కావాలనుకుంటే సరే.

250 ఎంఎంతో అక్కడ తీయదగింది పక్షి ముఖం కాదు, ఆ పొడవాటి గులాబీ గీత. క్రాప్ చేయని ఫ్రేము చూపించండి. ఆకాశం, బురద మధ్య ఆ గీత అడ్డంగా ఎంత దూరం పోతుందో అదే మీ ఫోటో కావచ్చు. ఎగిరేవి కావాలంటే రెక్కల కొనలు నిలవడానికి 1/1600 పైన ఉండాలి, ఐఎస్ఓ 200కో 400కో పెంచండి. దగ్గరి పక్షులు కావాలంటే నేలపట్టు పక్షుల కేంద్రంలో నీటిలోని చెట్ల మీద గూడబాతులు (పెలికాన్లు) గూళ్లు పెడతాయి. పెద్ద పక్షులు, అక్కడ 250 ఎంఎం సరిపోతుంది.

దాని వెంటే తీశానని మీరు పెట్టిన ఇంకో ఫ్రేములో పక్షులన్నీ ఒక్కసారిగా, కెమెరాకు ఎదురుదిశలో లేచాయి. అంటే ఎవరో దగ్గరికి నడిచారు. పక్షుల ఫోటోలు చూసేవాళ్లు మొదట పట్టుకునేది ఇదే. మేత మేసేవాటిని లేపి తీసిన ఫోటో ఎంత అందంగా ఉన్నా నేను మంచి మాట చెప్పను.

అలిపిరి కుర్రోడు · ఆదివారం, రాత్రి 8:30

క్రాప్ లేని ఫ్రేము పెట్టాను. ఇంకో సందేహం. జాతర ఫోటోను చతురస్రంగా క్రాప్ చేస్తే ఫ్లెక్సీ పోతుందని ఒకరు మెసేజ్ చేశారు. ఇంకొకరు క్రాప్ చేయొద్దు, పూలదండ ఇంకా తెగుతుందన్నారు. ఇద్దరి మాటా సబబుగానే ఉంది. ఎవరిది తీసుకోవాలి?

చంద్రగిరి నలుపుతెలుపు · ఆదివారం, రాత్రి 9:10

ఇద్దరూ చెప్పింది పరిష్కారం. పరిష్కారాలు మనిషికొకటి ఉంటాయి. వాటి వెనకున్న సమస్యను చూడండి, అది ఒకటే: ఫ్లెక్సీ కంటికి అడ్డం వస్తోంది. ఐదుగురిలో ముగ్గురు ఒకే చోట వేలు పెడితే అక్కడ తప్పున్నట్టే, వాళ్లు సూచించిన మందు నచ్చకపోయినా సరే. ఒక్కరే అన్నది చాలాసార్లు వాళ్ల అభిరుచి. అయితే కన్ను మసకబారింది, ఎరుపు కాలింది లాంటివి పిక్సెళ్లలో కనిపించే సంగతులు. వాటికి ఓట్లు అక్కర్లేదు, ఒక్కరు చెప్పినా వంద శాతానికి పెంచి చూసి ఒప్పుకోవాలి.

మీ ప్రశ్నకు: ఎడిటింగ్ యాప్‌లో వర్చువల్ కాపీలు (అసలు ఫైలును ముట్టని నకళ్లు) రెండు చేయండి. ఒకటి చతురస్రం, ఇంకొకటి అసలు ఫ్రేమే ఉంచి ఫ్లెక్సీ భాగంలో వెలుతురు ఒక స్టాపు, నీలం సాచురేషన్ ముప్పై దించింది. ఇంతవరకు ఈ ఫోటో చూడని ఇద్దరికి, ఒక్కొక్కరికి ఒక్కొక్కటి చూపించి 'కన్ను ఎక్కడ పడింది' అని అడగండి. రెండూ పక్కపక్కన పెట్టి 'ఏది బాగుంది' అని అడగొద్దు. అప్పుడు చూసేవాళ్లు ఫోటోను వదిలేసి తేడాలు వెతుకుతారు.

స్టూడియో మేస్త్రి · సోమవారం, ఉదయం 7:20

ఎవరిని అడగాలన్నది మొదట అడిగినావు. దానికి ఎవరూ సరిగా చెప్పలేదు.

ఉపాధికైతే స్టూడియోవాళ్ల దగ్గరికి పో. కానీ పని జోరుగా ఉండే ముహూర్తాల రోజుల్లో పోవద్దు, మూఢంలో పో, తీరికగా ఉంటారు. ఫోన్ తీసి వేలితో తోస్తా చూపించొద్దు. 4×6 ప్రింట్లు పదిహేను, ఇరవై చాలు. బల్ల మీద పరిచి, 'వీటిలో ఐదు తీసేయాలంటే ఏవి తీసేస్తారు?' అని అడుగు. మంచివి ఏరమంటే మొహమాటపడి అన్నీ మంచివే అంటారు, తీసేయమంటే చెయ్యి దానంతటదే పోతాది. ఏది ముందు తీసినారో చూసుకో, ఎందుకని అప్పుడు అడుగు. పెళ్లి పని కావాలంటే ఆ ఇరవైలో జలపాతాలు, పక్షులు పెట్టొద్దు. మాకు కావాల్సింది మసక వెలుతురు మంటపంలో నువ్వు ముఖాలు ఎట్ట తీస్తావు, తలంబ్రాలప్పుడు ఫోకస్ నిలుపుతావా, 12×36 ఆల్బమ్ షీటుకు సరిపడా ఫ్రేములో ఖాళీ వదుల్తావా అన్నది. వీడియో లైటు ముఖం మీద పడినప్పుడు నుదురు కాలకుండా తీసింది ఒక్కటున్నా పని ఇస్తారు.

గూడబాతు · సోమవారం, ఉదయం 8:02

సలాన్ పోటీల (ఎంచినవాటిని ప్రదర్శించే ఫోటో పోటీల) గురించి కూడా చెప్పాలి. ఫియాప్ (అంతర్జాతీయ ఫోటోగ్రఫీ సమాఖ్య) గుర్తింపు ఉన్న సలాన్లకు పంపితే స్కోరు, తీసుకున్నారా లేదా అన్నది తెలుస్తుంది. ఎందుకన్నది చెప్పరు. న్యాయనిర్ణేతలు ఒక్కో ఫోటోను కొద్ది సెకన్లే చూస్తారు. అయినా తీసుకున్న ఫోటోల కేటలాగు తెరిచి మీ దాని పక్కన పెట్టి చూస్తే చాలా నేర్చుకోవచ్చు. నేచర్ విభాగానికి పంపితే 2015 నుంచి పీఎస్ఏ (అమెరికా ఫోటోగ్రఫీ సంఘం), ఫియాప్, ఆర్‌పీఎస్ (బ్రిటన్ ఫోటోగ్రఫీ సంఘం) మూడింటికీ ఒకే నిర్వచనం ఉంది. క్రాప్ చేయొచ్చు, ఉన్నదాన్ని తీసేయడం, లేనిదాన్ని చేర్చడం కుదరదు. పులికాట్ ఫోటోలో కరెంటు స్తంభం చెరిపి పంపితే అనర్హతే.

చంద్రగిరి నలుపుతెలుపు · సోమవారం, ఉదయం 8:45

సలాన్ విషయంలో నాకు వేరే అభిప్రాయం ఉంది. కొత్తలో సలాన్ స్కోరు వెంట పడితే సెకన్లలో కంటిని లాగే ఫోటోలే తీయడం అలవాటవుతుంది. మెల్లగా తెరుచుకునే ఫోటోను మీరే పక్కన పడేస్తారు. అంతకంటే పోర్ట్‌ఫోలియో రివ్యూ మేలు, అనుభవం ఉన్నవాళ్లు మీ ఫోటోలు చూస్తూ ఎదురుగా కూర్చుని మాట్లాడతారు. హైదరాబాద్‌లో ఇండియన్ ఫోటో ఫెస్టివల్ 2015 నుంచి జరుగుతోంది, అందులో ఈ రివ్యూలు ఉంటాయి. చెన్నై ఫోటో బినాలే 2016లో మొదలైంది, మనకు మూడు, నాలుగు గంటల దారి. రివ్యూకు పోకపోయినా ఆ ప్రదర్శనల్లో పెద్ద ప్రింట్ల ముందు నిలబడి, ఒక ఫోటో పక్కన ఇంకొకటి ఎందుకు పెట్టారో చూడండి. రివ్యూకు పోయేటప్పుడు ఒకే విషయం మీద పదిహేను ఫోటోలు పట్టుకుపోండి. జాతర ఏడు రోజులూ కలిపి ఒక వరుస అనుకోండి, దాని గురించి మాట్లాడడానికి వాళ్లకు పట్టు దొరుకుతుంది. తలకోన ఒకటి, పులికాట్ ఒకటి, ముఖం ఒకటి పెడితే సెట్టింగుల దగ్గరే మాట ఆగిపోతుంది, ఇక్కడ జరిగినట్టు.

ప్రెస్ బ్యాగ్ · సోమవారం, ఉదయం 9:30

ఈ ఊళ్లోనే చేయదగింది ఒకటి ఉంది. నలుగురైదుగురు కలిసి ఒకే చోట, ఒకే గంటలో తీయడం. చంద్రగిరి రాజమహల్ చాలా అనువైనది. మూడంతస్తుల భవనం, ఆర్చీలు, ముందు పచ్చిక. ఒక్కొక్కరు మూడేసి ఫోటోలు ఎంచి, పేర్లు లేకుండా కలిపేసి చూడాలి. వెలుతురు బాగాలేదనో ఊరు బాగాలేదనో చెప్పడానికి ఎవరికీ దారి ఉండదు, అందరికీ అదే వెలుతురు. దగ్గర నిలబడి కెమెరా పైకెత్తిన వాళ్ల ఫోటోలో గోడలు వెనక్కి వాలి ఉంటాయి. వెనక్కి నడిచి కెమెరాను నిటారుగా పట్టుకున్నవాళ్ల ఫోటోలో గోడలు తిన్నగా ఉంటాయి. ఎవరూ నోరు విప్పకుండానే అర్థమవుతుంది. పురావస్తు శాఖ కింద ఉన్న కట్టడం, ట్రైపాడ్‌కు అనుమతి కావాలి, చేతి కెమెరాతోనే పోండి.

అలిపిరి కుర్రోడు · సోమవారం, ఉదయం 10:05

చంద్రగిరికి నేను వస్తాను. ఏఐ చాట్ యాప్‌లో ఫోటో పెట్టి అడిగితే పనికొస్తుందా? ఇంకో సంగతి, మేస్త్రి గారు చెప్పిన 4×6 ప్రింట్లు గ్లాసీ వేయించాలా, మ్యాటా?

కలంకారి కన్ను · సోమవారం, ఉదయం 10:40

యాప్‌ను హొరైజన్ వంగిందా, అంచుల్లో ఏదైనా తెగిందా అని అడగండి, అంతవరకు సాయపడుతుంది, మళ్లీ మీ కంటితో సరిచూసుకోండి. ఏది పెట్టినా ముందు మెచ్చుకుంటుంది, అంటే మీరు తప్పించుకోవాలనుకున్న చోటికే తిరిగొచ్చినట్టు. బండ వేషానికీ తోటి వేషానికీ తేడా తెలిసిన మనిషి కన్ను దానికి రాదు.

మామిడితోట మాక్రో (చిత్తూరు) · సోమవారం, ఉదయం 11:15

మ్యాట్ వేయించండి. గ్లాసీ అయితే బల్ల మీద పరిచినప్పుడు ట్యూబ్‌లైటు మెరుపు పడుతుంది, వేలిముద్రలూ అంటుకుంటాయి. మ్యాట్‌లో నలుపు కొంచెం లేతగా వస్తుంది, అంతే. ల్యాబ్‌లో ఇచ్చేటప్పుడు 'ఆటో కరెక్షన్ వద్దు, ఉన్నది ఉన్నట్టు వేయండి' అని గట్టిగా చెప్పాలి. చెప్పకపోతే మిషను తోటి వేషాన్ని లేపి బూడిద చేస్తుంది, బైరాగిని దించేస్తుంది, తప్పు మీదో మిషనుదో తేలదు. 4×6 ప్రింటు 3:2 నిష్పత్తి, మీ కెమెరా ఫ్రేముకు సరిగ్గా సరిపోతుంది. ఇన్‌స్టా కోసం 4:5లో క్రాప్ చేసినవి ఇస్తే పైనా కిందా తెల్ల అంచు వస్తుంది, లేదా రెండు పక్కలా కోసేస్తారు. ముందు మూడే వేయించి, ప్రింటును కిటికీ వెలుతురులో పట్టుకుని తెరతో పోల్చండి. ప్రింటు నల్లగా వచ్చిందంటే మీ తెర బ్రైట్‌నెస్ ఎక్కువ పెట్టుకుని ఎడిట్ చేస్తున్నారన్నమాట. బ్రైట్‌నెస్ తగ్గించి ఆ మూడింటినీ మళ్లీ ఎడిట్ చేసి వేయించండి. అవి కుదిరాక మిగతావి.